తేలిక రైఫిలుకు కొత్త గొట్టము

అమెరికాలో జింకల వేటకు వాడు తేలిక రైఫిళ్లలో వించెస్టర్ కంపెనీవారి మోడల్ 70 ఫెదర్ వెయిట్ పేరుపొందినది. అది 1952 లో వెలువడినది. పేరునకు ఈకయే కాని బరువు సుమారు 3 కిలోగ్రాములు. ఆ సంవత్సరమే ఆ కంపెనీ .308 వించెస్టర్ అను తూటాను గూడ ప్రవేశపెట్టెను. కొండలెక్కి దినమంతయు తిరుగువానికి తేలిక తుపాకి హాయిగనే యుండును. పేల్చినపుడు మాత్రము అదే భుజమునకు గట్టి దెబ్బ తగులును. అందుచేత కొందరు వేటగాండ్రు .308 గొట్టమును విప్పించి, దెబ్బ తక్కువగల మరియొక తూటాకు తగిన గొట్టమును బిగింపించుకొందురు. అక్కడి తుపాకి పనివారికి ఇది పరిపాటియైన పని.

పెద్ద రంధ్రముగల గొట్టము తీసి చిన్న రంధ్రముగలది పెట్టుటయే కదా యని మనకు తోచును. నిజమునకు రంధ్రము వెడల్పు ఈ వ్యవహారమున మిక్కిలి చిన్న సంగతి.

మొదట భుజమునకు తగులు దెబ్బను లెక్కింతము. న్యూటన్ మూడవ సూత్రము ప్రకారము, ముందుకు పోవు గుండునకును వాయువులకును ఎంత ద్రవ్యవేగము కలదో, వెనుకకు వచ్చు తుపాకికిని అంతయే యుండును. .308 లో గుండు 9.7 గ్రాములు, వేగము సెకనుకు 860 మీటర్లు అనుకొందము. మందు 3 గ్రాములు. అది వాయువై సెకనుకు సుమారు 1,200 మీటర్ల వేగముతో వెలుపలికి వచ్చును. రెండు లబ్ధములను కూడగా సెకనుకు 11.9 కిలోగ్రాము-మీటర్లు వచ్చును. దీనిని 3 చే భాగించిన తుపాకి సెకనుకు 4 మీటర్ల వేగముతో వెనుకకు వచ్చునని తేలును. దాని గతిశక్తి సుమారు 24 జౌళ్లు. ఇపుడు .243 వించెస్టర్ తూటాను చూతము. గుండు 6.5 గ్రాములు, వేగము 900 మీటర్లు, మందు 2.7 గ్రాములు. ద్రవ్యవేగము 9.1, తుపాకి వేగము 3 మీటర్లు, గతిశక్తి 14 జౌళ్లు. ద్రవ్యవేగము నాలుగవవంతు తగ్గగా గతిశక్తి నూటికి నలుబది పాళ్లు తగ్గినది. వేగము యొక్క వర్గము ఎంత పనిచేయునో ఉపాధ్యాయులు ఈ ఒక్క లెక్కతో తరగతిలో చూపవచ్చును.

ఇక ఏ తూటానైనను ఎంచుకొనవచ్చునా? తూటా యనగా గుండు మాత్రమే కాదు. ఇత్తడి తొడుగు, దానిలో మందు, అడుగున దెబ్బకు అంటుకొను చిన్న గిన్నె, మూతివద్ద గుండు, ఇవన్నియు కలిసినదే తూటా. గొట్టము మారినను, తూటా అడుగును పట్టుకొను బోల్టు మారదు. .308 తూటా అడుగు వ్యాసము 12 మిల్లీమీటర్లు. బోల్టు ముఖము దానికి సరిపడ చెక్కబడియుండును. అడుగు 9.6 మిల్లీమీటర్లే గల .223 తూటాను ఆ బోల్టు సరిగా పట్టుకొనలేదు. పొడవు సంగతియు అంతే. .308 తూటా పొడవు 71 మిల్లీమీటర్లు. దానికి చేసిన పెట్టెలో 85 మిల్లీమీటర్ల.30-06 తూటా ఇముడదు.

అందుచేత పనివారు సాధారణముగా ఒకే కుటుంబములోని తూటాను ఎన్నుకొందురు. .308 తొడుగు మెడను నొక్కి సన్నము చేసి 1955 లో .243 ను చేసిరి. 1980 లో 7 మి.మీ.-08 రెమింగ్టన్, 1997 లో .260 రెమింగ్టన్ వచ్చినవి. అడుగు, ఒడలు అన్నింటికిని ఒక్కటియే. మెడ మాత్రము వేరు. అన్నదమ్ములవలె ఒకరి చొక్కా ఒకరికి పట్టును, మెడ బొత్తాము తప్ప.

ఈ కుటుంబములోని తూటా పేలునపుడు తొడుగులోని పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 4,000 రెట్లు. తొడుగు లోపలి అడుగు వ్యాసము ఒక సెంటీమీటరు అనుకొన్నను, బోల్టును వెనుకకు నెట్టు బలము 3 టన్నులు దాటును. అది సెకనులో వెయ్యవవంతు ప్రాంతమున మాత్రమే యుండును. అయినను బోల్టు వెనుకనున్నది మనిషి ముఖము. పీడనము మారకున్నను, అడుగు 13.5 మిల్లీమీటర్లుండు మాగ్నమ్ తూటాలలో వైశాల్యము పెరుగుటచే ఈ నెట్టు నాలుగవవంతుకు పైగా హెచ్చును. మన దేశమునను ఇట్టి సమస్య వచ్చినది. 1962 చైనా యుద్ధము తరువాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పాత .303 నమూనాను 7.62 మి.మీ. సైనిక తూటాకు మార్చినపుడు గొట్టముతో సరిపెట్టలేదు. కొత్త తూటా పీడనము ఎక్కువ కనుక మేలురకపు ఉక్కును వాడిరి. తూటాపెట్టెను గూడ మార్చిరి.

పనివాని నేర్పు తెలియునది గొట్టము బిగించునపుడు. గొట్టము వెనుకభాగమున తూటా కూర్చుండు గది యుండును. తూటా భుజము ఆ గది భుజమునకు ఆనినపుడు, తూటా అడుగునకును మూసిన బోల్టునకును నడుమ సందు ఎంత? గది మరీ కురుచయైన బోల్టు మూతపడదు. సందు ఎక్కువైనచో, పేలగానే తొడుగు ముందుభాగము గది గోడలకు కరచుకొనును, అడుగు వెనుకకు జరుగును, నడుమ ఇత్తడి సాగి పలుచబడును. అది తెగిన వేడి వాయువులు పేల్చువానివైపు చిమ్ముకొని వచ్చును. .308 కు ఈ గదిని కొలుచు రెండు ఉక్కు కొలతకట్టెలు కలవు. ఒకదానిపై బోల్టు తప్పక మూయబడవలెను, రెండవదానిపై మూయబడరాదు. ఆ రెంటి పొడవులకు భేదము 0.1 మిల్లీమీటరు మాత్రమే. ఈ వ్యాసములోని కొలతలన్నింటిలో ప్రాణము కాపాడునది ఇదియే.

గొట్టము లోపలి మెలిగాళ్ల సంగతి వేరు. అవి గుండును బొంగరమువలె త్రిప్పి, మొన ముందుకే యుండునట్లు చేయును. గుండు ఎంత పొడవైన అంత బిగువైన మెలి కావలెను. బ్రిటన్‌లోని వూలిచ్‌లో ఆచార్యుడైన గ్రీన్‌హిల్ 1879 లో దీనికి సులభమైన సూత్రమును చెప్పెను: గుండు వ్యాసము యొక్క వర్గమును 150 చే గుణించి, గుండు పొడవుచే భాగించిన, ఒక పూర్తి చుట్టునకు కావలసిన దూరము వచ్చును. వేగము హెచ్చుగనున్న 150 బదులు 180 వాడుదురు. .243 గుండు వ్యాసము 6.17, బరువుగుండు పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు. చుట్టుకు 263 మిల్లీమీటర్లు అని వచ్చును.

ఈ సూత్రమును కాదన్న ఫలితమును అమెరికా విపణిలో చూచినారు. 1955 లోనే రెమింగ్టన్ కంపెనీ అదే వ్యాసపు గుండుతో .244 అను తూటాను తెచ్చినది. వించెస్టర్ వారి గొట్టము 254 మిల్లీమీటర్లకు ఒక చుట్టు. రెమింగ్టన్ వారిది 305 కు ఒకటి. చిన్న గుండ్లకు అది చాలును. జింకల వేటకు జనులు కోరిన 6.5 గ్రాముల పొడవుగుండ్లను నమ్మకముగా నిలుపలేకపోయెను. కొనువారు .243 వైపు మరలిరి. 1963 లో రెమింగ్టన్ వారు మెలిని 229 కి బిగించి, తూటాకు 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చి మరల విడుదల చేసిరి; కాని పోయిన గిరాకి తిరిగి రాలేదు. 254 మిల్లీమీటర్ల మెలిలో 900 మీటర్ల వేగముతో పోవు గుండు సెకనుకు 3,500 చుట్లకు పైగా తిరుగును!

మరియొక చిత్రము. గొట్టము వెలుపలి కొలత మార్చక రంధ్రము మాత్రము చిన్నది చేసిన తుపాకి బరువు పెరుగును. 56 సెంటీమీటర్ల గొట్టమున రంధ్రము 7.62 నుండి 6.02 కు తగ్గిన సుమారు 75 గ్రాముల ఉక్కు అదనముగా మిగులును. ఆ బరువు తగ్గింపగోరి వెలుపల సన్నగా చెక్కిన వంగకుండు గుణము పోవును. అది వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి యుండును గనుక, వ్యాసము పదవవంతు తగ్గినచో బిగువు మూడవవంతు పోవును.

మన దేశమున 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని మార్చుటయు మరమ్మతు చేయుటయు నేరము. అమెరికాలోని పనివాడు గొట్టము బిగించి, కొలిచి చూచిన పిమ్మట చేయు పని యొకటి కలదు: కొత్త తూటా పేరును గొట్టముపై చెక్కును. తుపాకి ఆకారము మారలేదు. యజమాని పెట్టెలో పాత తూటాలు ఉండనే యుండును. .243 తూటా .308 గదిలో దూరును, బోల్టు మూతపడును, పేలును గూడ. గుండు గొట్టములో వదులుగా పోవును, తొడుగు మెడ పగులును. చూపుతో ఆ రెండు తుపాకులను వేరుపరచుటకు ఆ చెక్కిన అక్షరములు తప్ప వేరు గుర్తు లేదు.