మడ్గార్డు క్రింది మన్ను

శామీర్‌పేట నుండి తూంకుంట, హకీంపేట, అల్వాలుల మీదుగా సికిందరాబాదునకు పోవు రాజీవ్ రహదారిమీద, ఎండయనక వానయనక సంవత్సరము పొడవునను నడచిన మోటారుసైకిలు వెనుక మడ్గార్డును లోపలివైపున వ్రేలితో తడవి చూచినచో, అచ్చట ఇనుము తగులదు, మన్ను తగులును. ఉగాది పండుగకు నా బండిని శుభ్రపరుపదలచి ఆ మన్నును ఒక పాత అట్లకాడతో గీకినప్పుడు, అది పొడిగా రాలక, కుండపెంకులవలె పలకలు పలకలుగా ఊడివచ్చినది. ఒక పలకను విరిచి వెలుతురునకు పట్టి చూడగా దాని అంచునందు పొరలు కనబడినవి: ఇనుము నంటియున్న వైపున జిడ్డుగల నల్లని సన్నపొర, దానిమీద మందమైన ఎఱ్ఱపొర, ఆపైన బూడిదవన్నె పొర, అన్నిటికి మీద చేతికంటుకొను మెత్తని దుమ్ము. రోహిణికార్తె యెండలు మొదలుకొని సంక్రాంతి మంచు వరకు నేను తిరిగిన దారులన్నియు ఆ అర అంగుళము మందములో ఒకదానిమీద నొకటి పేరుకొని యుండుట చూచిన పిమ్మట, దానిని వట్టి మురికి యని పారవేయుటకు మనసొప్పలేదు.

ఆ పలకను గాజుగ్లాసులోని నీటిలో నానవేసి, బాగుగా కలిపి, కదల్పక యొకచోట నుంచితిని. గరుకు ఇసుక రెప్పపాటులో అడుగునకు దిగినది. సన్నని ఇసుక నిమిషము లోపల దానిమీద పేరుకొన్నది. ఒండ్రు గంటలకొద్ది దిగుచునే యుండెను. మఱునాటి ఉదయమునకును నీరు తేటపడలేదు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. 50 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్ల లోతు దిగుటకు ఒక నిమిషము చాలును. 2 మైక్రాన్ల రేణువునకు సుమారు 8 గంటలు కావలెను. అంతకంటె సన్నని బంకమట్టి దినములకొలది నీటిలో నిలిచియుండగలదు. ఈ పరిమాణభేదమును మొదటనే చెప్పుట ఏలయనగా, బండికి దుమ్ము పట్టుటయు, పట్టినది వదలకుండుటయు, అది చేయు హానియు రేణువు పెద్దదా చిన్నదా యను దానినిబట్టియే యుండును.

ఈ రేణువుల పుట్టిల్లు దూరమున లేదు. ఈ ప్రాంతమున గుండుమీద గుండు పేర్చినట్లు నిలిచిన గుట్టలన్నియు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. ఆ శిలయందు పలుగురాయి, ఫెల్‌స్పారు, అభ్రకము ముఖ్యమైన ఖనిజములు. వాననీరు యుగములపాటు ఇంకి ఫెల్‌స్పారును బంకమట్టిగా మార్చును. అభ్రకమునందలి ఇనుము ఆమ్లజనితో కూడి మట్టికి త్రుప్పువన్నె నిచ్చును. పలుగు మాత్రము మార్పు నెరుగక ఇసుకగా మిగులును. ఇట్లు సగము మాగిన రాతినే మనము మొరమనియు, మరింత మాగి మట్టియైనదానిని ఎఱ్ఱచెలక యనియు పిలుచుచున్నాము. నా పలకలోని ఎఱ్ఱపొర అదియే. బూడిదవన్నె పొర కథ వేరు: అది క్రషర్ల నుండి కంకరయు రోబో ఇసుకయు మోసికొనిపోవు టిప్పర్ల వెంట రాలిన రాతిపొడి. ప్రకృతి మాగబెట్టినది కాక యంత్రము పగులగొట్టినది గనుక, దాని రేణువుల అంచులు అరుగక పదునుగా నుండును. నల్లపొరలో డీజిలు మసి, టైర్ల రబ్బరు, తారు, చైను నుండి చిమ్మిన నూనె కలిసియున్నవి. ఆరిన పొడిమీద అయస్కాంతమును త్రిప్పగా కొన్ని నల్లని నలుసులు లేచి అంటుకొన్నవి. గ్రానైటులో సహజముగానుండు అయస్కాంతపు రాతినలుసులును, బ్రేకుల రాపిడిలో అరిగిన ఇనుపరజనును ఆ విధముగనే లేచును. కంటిచూపుతో వానిని వేరుచేయుట సాధ్యము కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఎదురుగాలియే ఊడ్చివేయవలదా యని సందేహము కలుగుట న్యాయము. ఇంటిలోని పంకా రెక్కను చూచిన ఆ సందేహము మరింత పెరుగును. రేయింబవళ్లు గాలిని చిలుకునట్టి ఆ రెక్క అంచుననే కదా దుమ్ము దట్టముగా పట్టుచున్నది! దీని రహస్యమును 1904లో జర్మను శాస్త్రజ్ఞుడు ప్రాంట్‌ల్ వివరించెను: ఎంత వేగముగా వీచు గాలియైనను, వస్తువు ఉపరితలమును తాకునంత దగ్గర నుండు సన్నపొరలో దాదాపు నిశ్చలమగును. పెద్ద ఇసుకరేణువు తల ఆ పొరను దాటి గాలిలోనికి పొడుచుకొని వచ్చును గనుక కొట్టుకొనిపోవును. సన్నని ధూళి ఆ నిశ్చలపు పొర అడుగున, గోడచాటున కూర్చున్న మనిషివలె క్షేమముగా నుండును. ఎడారి ఇసుకను గూర్చి 1941లో గొప్ప గ్రంథము వెలువరించిన బ్యాగ్నాల్డు, చిన్న గులకరాళ్లను కదల్పగల గాలియు సమముగా పరచిన సిమెంటు పొడిని లేపజాలకపోవుటను గమనించెను.

ఇదిగాక, రేణువునకును ఇనుమునకును నడుమ వాన్ డెర్ వాల్స్ పేరిట ప్రసిద్ధమైన ఆకర్షణబల మొకటి కలదు. రేణువు వ్యాసము పదవవంతైనచో దాని బరువు వేయవ వంతునకు పడిపోవును. ఆ ఆకర్షణబలము పదవవంతునకు మాత్రమే తగ్గును. అనగా బరువుతో పోల్చిచూచిన, చిన్నరేణువు పట్టు నూరురెట్లు గట్టిది. ఇసుక తనంత తాను రాలును. దుమ్ము రాలదు.

దానికి నీరు తోడైనచో చెప్పనక్కరలేదు. వేకువనే మన వాకిళ్లలో కళ్లాపి చల్లుటలో నున్న నేర్పు ఇదియే: రేణువునకు రేణువునకు నడుమ నిలిచిన నీటిబిందువు తన తలతన్యతచే రెంటిని దగ్గరకు లాగి, దుమ్ము లేవకుండ అణచును. మృగశిర తొలివానకు రహదారిమీది వేసవి దుమ్మంతయు అట్లే పలుచని పేస్టుగా మారి చక్రముల వెంట లేచును; కరిగెట దున్ని బయటికి వచ్చిన ట్రాక్టర్లు విడిచిన బురద దానికి జతయగును. రెండు వానల నడుమ ఎండ కాచినప్పుడు నీరు ఆవిరియగుచు రేణువులను మరింత దగ్గరగా లాగును; బంకమట్టి రేకులు ఒకదానిమీద నొకటి పడుకొనును; నీటిలో కరిగియున్న లవణములు వాని నడుమ గట్టిపడి సున్నమువలె అతుకును. ఈ విధముగ ఋతువంతయు తడిసి ఆరి, తడిసి ఆరి, నా మడ్గార్డు క్రింద కాల్చని ఇటుక తయారైనది. శీతకాలపు మంచు రాతిపొడిని దానిమీద మరొక పొరగా అద్దినది.

బండి ముందుభాగముకంటె వెనుకభాగమే ఎక్కువ మాయుటకును పరిమాణమే కారణము. బరువైన రేణువు గాలి మలుపు తిరిగినప్పుడు తాను తిరుగలేక, హెడ్‌లైటుకో ఫోర్కుకో నడుపువాని మోకాలికో ఎదురుగా కొట్టుకొనును. తేలికరేణువు గాలితో పాటు ప్రక్కకు తప్పించుకొని, బండి వెనుక ఏర్పడు తక్కువ ఒత్తిడిగల సుడిలో చిక్కి, నెంబరుప్లేటుమీదను వెనుక దీపముమీదను నెమ్మదిగా దిగును. రాత్రివేళ వెనుకవచ్చు లారీకి ఆ దీపము కనబడుటయే ప్రాణరక్ష గావున, బండి కడుగుటకు తీరిక లేనినాడు సైతము దానిని మాత్రము తడిగుడ్డతో తుడుచుకొనవలెనని నేను అందరిని వేడుకొందును. ఇంజను పీల్చు గాలిలోను ఈ తేలికరేణువులే యుండును. శామీర్‌పేటకు సమీపముననే తుర్కపల్లి వద్ద జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారుచేయువారు గాలిలోని 0.3 మైక్రాను నలుసును సైతము ఆపు వడపోతలను వాడుదురు. మన బండి ఎయిర్ ఫిల్టరు అంత సూక్ష్మమైనది కాకున్నను, ఇంజను ఊపిరిని కాపాడునది అదియొక్కటే.

హానులన్నిటిలో నన్ను మిక్కిలి బాధించునది చైనుకు కలుగునది. పలుగురేణువు కాఠిన్యము మోస్ కొలమానమున 7. అది సాధారణమైన ఉక్కుకంటె గట్టిది. నూనెలో పడిన పలుగు, చైను పిన్నుల నడుమ చేరి, సానపట్టు ముద్దవలె తిరిగిన ప్రతి చుట్టునకు ఉక్కును కొంచెము కొంచెముగా తినును. చైను సాగినదని మనమనునది నిజమునకు సాగుట కాదు, పిన్నులు అరుగుట. నీటితో కడిగించిన పిమ్మట మెరుగు కొరకు బండియంతట డీజిలు కొట్టించు వాడుక మనలో కలదు. అది మిక్కిలి పొరపాటు. ఆ జిడ్డు మఱునాటి దుమ్మునకు పరచిన చాప వంటిది, రబ్బరు భాగములకును హానికరము. గాలితో చల్లబడు ఇంజనుల రెక్కలమీద గట్టిపడిన మన్ను మరొక అపకారము చేయును: ఎండినమట్టి వేడిని ప్రసరింపజేయు శక్తి అల్యూమినియముకంటె కొన్నివందల రెట్లు తక్కువ గనుక, నడివేసవిలో ఇంజనుకు కంబళి కప్పినట్లగును.

ఇక త్రుప్పు. మన్నుపలక క్రింద తేమ నిలిచియుండును, ఆమ్లజని మాత్రము చొరలేదు. పలక అంచున రెండును లభించును. ఈ వ్యత్యాసము వలన ఒకే ఇనుపరేకు చిన్న బ్యాటరీవలె పనిచేసి, ఆమ్లజని అందని చోటనే లోహము కరిగిపోవునని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు ఇవాన్స్ నిరూపించెను. పైకి చక్కగానున్న మడ్గార్డునకు ఒకనాడు హఠాత్తుగా రంధ్రము పడుట ఇందువలననే.

కావున కడుగుట యెట్లు? పొడిగుడ్డతో తుడుచుట అన్నిటికంటె చెడ్డపని. గుడ్డ క్రింద దొర్లు ప్రతి పలుగురేణువు రంగుమీద గీత గీయును. ముందు నీరుపోసి పది పదిహేను నిమిషములు నాననిచ్చినచో, నీరు రేణువుల నడుమకు చొచ్చి, ఎండ బిగించిన కట్టును విప్పును. పిమ్మట సబ్బునీరు జిడ్డును వదలించును. జెట్టుపంపు ధారను చక్రపు బేరింగులమీదకును చైనుమీదకును సూటిగా కొట్టింపరాదు. నీటితో పాటు రేణువులును లోనికి పోవును. చివరకు మెత్తని గుడ్డతో తడి ఒత్తవలెను. లేనిచో ఇచ్చటి బోరునీటిలోని సున్నము సైలెన్సరుమీద తెల్లని చుక్కలుగా మిగులును.

ఆ ఉగాది ఉదయమున బండి కడిగిన నీరు మా వాకిటి వాలున కొబ్బరిచెట్టు వైపు పారినది. గరుకు ఇసుక బండి క్రిందనే ఆగిపోయినది. సన్నని ఇసుక నాలుగడుగులు పోయి గీతలు గీతలుగా నిలిచినది. ఎఱ్ఱని ఒండ్రు మాత్రము చెట్టు పాదు వరకు సాగి అచ్చట ఇంకినది. వేసవిలో ఎండిన చెరువుల పూడిక తీసి, ట్రాక్టర్లకెత్తి, రైతులు చేలకు తోలుకొనునది ఆ సన్నపు మట్టినే. నీటిని, ఎరువును పట్టియుంచు గుణము దానికే కలదు గనుక. నా మడ్గార్డును పది నెలలు విడువక పట్టుకొన్నదియు అదియే.