పేరు పెట్టిన సిపాయి పోతే...

ఎదురుగా గ్రహాంతరవాసి. మీ సిపాయి తుపాకీ ఎక్కుపెట్టాడు. తూటా తగిలే అవకాశం 95 శాతమని తెరమీద కనిపిస్తోంది. ఇంకేం, పని అయిపోయినట్టేనని మీట నొక్కారు. గురి తప్పింది! ఇప్పుడు అవతలివాడి వంతు. మీ తమ్ముడి పేరు పెట్టుకున్న సిపాయి నేలకొరిగాడు. మళ్లీ లేవడు.

'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్' ఆడేవాళ్లకు బాగా తెలిసిన బాధ ఇది. 1994లో జూలియన్ గాలప్ తయారుచేసిన ఆటకు, 2012లో జేక్ సాలమన్ సారథ్యంలో ఫిరాక్సిస్ సంస్థ ఇచ్చిన కొత్త రూపమిది. భూమిమీద దండెత్తినవారిని నలుగురితో మొదలై ఆరుగురి దాకా పెరిగే దళంతో ఎదుర్కోవాలి. చదరంగంలోలా మనం ఆడాక వాళ్లు, వాళ్లు ఆడాక మనం.

లెక్కలు తేలికే. సగమెత్తు గోడ చాటునుంటే శత్రువు గురిలోంచి 20 తగ్గుతుంది. నిలువెత్తు గోడైతే 40. పక్కకు చేరి కాల్చారా, ఆ గోడ ఉన్నా లేనట్టే. ఈ కాస్త లెక్కతోనే ప్రతి అడుగూ ఉత్కంఠే! పైగా సిపాయిలకు మనమే పేర్లు పెట్టొచ్చు. గెలిచేకొద్దీ హోదా పెరుగుతుంది. చనిపోతే మాత్రం స్థావరంలోని అమరుల గోడమీద పేరు మిగులుతుందంతే. ఆటకు ప్రాణం ఇదే.

మరి 95 శాతం ఎందుకు మోసం చేసింది? అది మోసం కాదు. అలాంటి దెబ్బలు 20 వేస్తే, అన్నీ తగిలే అవకాశం 36 శాతమే! పాత సేవ్‌కి వెళ్లి అదే దెబ్బ మళ్లీ వేసినా మామూలుగా ఫలితం మారదు.

లోపం అసలు వేరేచోట ఉంది. దాక్కున్న శత్రువుల గుంపు మన కంటపడగానే, మన వంతు నడుస్తుండగానే వాళ్లు పరుగున చాటుకు చేరిపోతారు. ముందుకు దూకినవాడికి ఇది శిక్షే. దాంతో ఆటగాళ్లు తాబేలు నడక నేర్చారు... ఒక అడుగు, కాపలా, మళ్లీ ఒక అడుగు. గెలుపు ఖాయమవుతుంది కానీ, ఆట చప్పబడుతుంది. చివరికొచ్చేసరికి ఆయుధాలూ కవచాలూ బలపడి భయమే పోతుంది. చూసిన మైదానాలే మళ్లీ రావడం మరో వెలితి.

2016లో వచ్చిన 'ఎక్స్‌కామ్ 2' చాలా పోరాటాలకు గడువు పెట్టి తాబేళ్లను పరుగెత్తించింది. అదీ కొందరికి నచ్చలేదు. 2017లో వచ్చిన అనుబంధంలో ఆ గడువును రెట్టింపు చేసుకునే వీలిచ్చారు.

అయినా మొదటి ఆటే ఆడి చూడండి. ఓడినా సేవ్‌ల వెంట వెనక్కి పరుగెత్తకండి. పోయినవాడు పోయాడనుకుని ముందుకెళితేనే అసలు రుచి తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త... ఇంట్లోవాళ్ల పేర్లు మాత్రం పెట్టకండి!