వృషణ శోథ – ‘బలం సూదులు’: ఒక హెచ్చరిక

సంతానం లేని దంపతులు వైద్యుని గుమ్మమెక్కినప్పుడు తలవంచుకొని కూర్చొనేది ఇల్లాలే. పరీక్షలు ఆమెకే, నోములూ ఉపవాసాలూ ఆమెకే. “అబ్బాయికి ఒక్క వీర్యపరీక్ష చేయించండి” అంటే ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకొంటారు. ఈ సిగ్గు వలన కలిగే నష్టాన్ని నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. అందులో ఒకటి నా చేతి మీదుగానే జరిగింది. దానిని దాచక చెప్పడం నా విధి.

కొన్నేళ్ళ క్రితం ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు తల్లితోను, భార్యతోను వచ్చాడు. వివాహమై మూడేళ్ళయినా సంతానం లేదు. పెళ్ళికి ముందు సంవత్సరం గవదబిళ్ళలు వచ్చాయట. వారం తిరగకుండానే కుడి వృషణం వాచి, జ్వరంతో మంచం పట్టాడట. “అది గవదల వేడి, వైద్యులు గారూ! ఎప్పుడో తగ్గిపోయింది” అన్నది తల్లి. నేను నాడి చూచి, శుక్రక్షయమని నిర్ణయించి, వాజీకరణ లేహ్యమిచ్చి పంపాను. ఆరు నెలలు గడిచాయి. అప్పుడు చేయించిన వీర్యపరీక్షలో ఒక్క శుక్రకణమైనా కనిపించలేదు.

ఆనాడు గాని నేను అడుగవలసిన ప్రశ్న అడుగలేదు. ఆడవారిని బయట కూర్చోబెట్టి, “నాయనా, నా మందు కాక మరేమైనా వాడుతున్నావా?” అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. “వ్యాయామశాలలో ఒకరు చెబితే వారానికొక టెస్టోస్టెరాన్ సూది వేయించుకొంటున్నానండీ. ఆ వాపు వచ్చినప్పటి నుంచి మగతనం తగ్గిపోయిందేమోనని భయం” అన్నాడు.

మొదటి రోజే ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ దంపతులకు ఆరు నెలల కాలం వృథా అయ్యేది కాదు.

బయటి హార్మోను లోపలి పనిని ఆపుతుంది

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి రెండు హార్మోనులను పంపి వృషణాల చేత పని చేయిస్తుంది. ఒకటి పురుష హార్మోనును తయారు చేయిస్తుంది. రెండవది శుక్రకణాల ఉత్పత్తికి తోడ్పడుతుంది. సూది ద్వారా టెస్టోస్టెరాన్ రక్తంలో చేరగానే, “కావలసినంత ఉన్నది” అని పీయూష గ్రంథి తన ఆజ్ఞలను నిలిపివేస్తుంది. రక్తంలో హార్మోను నిండుగా ఉంటుంది. కాని వృషణాల లోపల, శుక్రకణాలు పుట్టే చోట, అది పడిపోతుంది. కండ పెరుగుతుంది, బీజం ఎండుతుంది.

ఇది నా ఊహ కాదు. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ సూదిని పురుషుల గర్భనిరోధానికి వాడవచ్చునా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి, 1990లో ఫలితాలు ప్రకటించింది. 271 మందిలో 157 మందికి శుక్రకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. గర్భం రాకుండా చేయడానికి పరీక్షించిన మందునే మనవాళ్ళు సంతానం కోసం పొడిపించుకొంటున్నారు!

హార్మోను చికిత్సే తప్పని నేననను. పీయూష గ్రంథి ఆజ్ఞలే లోపించిన వారికి, ఆ ఆజ్ఞల వలె పనిచేసే హార్మోనులను నిపుణులు నెలల తరబడి ఇచ్చి సత్ఫలితాలు సాధిస్తున్నారు. కాని వృషణ శోథకు పురుష హార్మోను మందు కాదు.

ముందు శోథను శమింపజేయాలి

సుశ్రుతుడు నిదానస్థానంలో వృషణ వృద్ధిని ఏడు విధాలుగా విభజించాడు. వాపులన్నీ ఒకటి కావని దాని భావం. నేటి వైద్యమూ అదే అంటున్నది. గవదబిళ్ళల వలన వచ్చిన వాపుకు విశ్రాంతి, నొప్పి నివారణ ముఖ్యం. సాధారణంగా ఒక ప్రక్కనే వస్తుంది గనుక పూర్తి వంధ్యత్వం అరుదు. సుఖవ్యాధుల వలన గాని, మూత్రమార్గపు సూక్ష్మజీవుల వలన గాని వచ్చిన వాపుకు యాంటీబయాటిక్ మందులు తప్పనిసరి. సుఖవ్యాధి అయినప్పుడు భార్యకూ చికిత్స జరగాలి. క్షయ వలన కూడా ఈ వాపు రావచ్చును.

హఠాత్తుగా ఒక ప్రక్క భరింపరాని నొప్పి, వాంతి వస్తే వృషణం మెలిపడి ఉండవచ్చును. ఆరు గంటల లోపల శస్త్రచికిత్స జరగాలి. అప్పుడు ఏ కషాయమూ కాచుకొంటూ కూర్చోవద్దు.

ఇంట పాటించవలసినవి

వాపు ఉన్నన్నాళ్ళు మంచంపై విశ్రాంతి తీసుకొని, లంగోటితో ఆధారమివ్వాలి. చల్లని తడిగుడ్డ వేయవచ్చును. వేడి కాపడం కూడదు. బార్లీ జావ, పలుచని మజ్జిగ, తేలికగా జీర్ణమయ్యే అన్నం మంచివి. పల్లేరు కషాయం, తెల్లగలిజేరు కూర వైద్యుని సలహాతో అనుపానంగా తీసుకోవచ్చును. అవి అసలు చికిత్సకు బదులు కావు. వాపు తగ్గిన తరువాత పొగాకును, మద్యాన్ని మానాలి. శుక్రకణం తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది గనుక మూడు నెలలు ఆగి వీర్యపరీక్ష చేయించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఒక మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలు కనీస స్థాయి. అంతకంటె తగ్గినంత మాత్రాన ఆశ వదలుకోనక్కరలేదు. పిల్లలకు బాల్యంలోనే ఎం.ఎం.ఆర్. టీకా వేయిస్తే గవదబిళ్ళల బెడద చాలావరకు తప్పుతుంది.

ఆ యువకుని హార్మోను నిపుణుని వద్దకు పంపి, ఆయన పర్యవేక్షణలో సూదులు మాన్పించాము. తొమ్మిదవ నెలలో శుక్రకణాలు తొంభై లక్షలకు చేరాయి. మరుసటి సంవత్సరం ఆ ఇంట ఉయ్యాల కట్టారు. సూదులు మానిన వారిలో చాలామందికి ఆరు నెలల నుండి సంవత్సరం లోపల శుక్రకణాలు తిరిగి వస్తాయి. కొందరికి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. అందరికీ ఒకే ఫలితమని నేను మాట ఇవ్వలేను.

శుద్ధి కాని దేహానికి వాజీకరణం చేయడం మురికి బట్టకు రంగు వేయడం వంటిదన్నాడు వాగ్భటుడు. గురుకులంలో ఆ మాటను వల్లె వేసిన నేనే ఆనాడు మరచాను. పాఠకులారా, మీరు మరువకండి. వైద్యుని ఎదుట సిగ్గుపడి ఏ మందునూ దాచకండి. వైద్యుడు అడుగకపోతే మీరే చెప్పండి.