హోటల్‌ను పెరటి వైపు నుంచి చూద్దాం

హైదరాబాద్–వరంగల్ రోడ్డెక్కితే భువనగిరి చుట్టూ టిఫిన్ సెంటర్లు, ఫ్యామిలీ రెస్టారెంట్లు. పక్కనే యాదగిరిగుట్టలో లాడ్జీలు. 2022 మార్చి 28న గుట్ట మీద కొత్త ఆలయం తెరుచుకున్నాక రద్దీ ఇంకా పెరిగింది. హోటల్ పర్యావరణానికి మేలు చేస్తోందా అంటే మనం గదిలో పెట్టిన ‘తువ్వాలు మళ్లీ వాడండి’ కార్డు చూస్తాం. చూడాల్సింది మాత్రం వెనకవైపు నుంచి ఏం బయటికి పోతోందన్నది.

ముందు నీళ్లు. ఈ ప్రాంతమున్న ఉమ్మడి నల్లగొండ జిల్లాది గ్రానైటు నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కలుస్తుంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ప్రాంతంలో చాలా బోర్లు ఆ గీత దాటాయి. అందుకే హోటల్లో ఆర్‌వో ప్లాంటు పెడతారు. అది ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, విడదీస్తుందంతే. ఒక పైపులో మంచినీళ్లు, ఇంకో పైపులో వదిలేసే నీళ్లు. చిన్న ప్లాంట్లలో తరచూ సగానికి పైగా నీళ్లు ఈ రెండో పైపులోకే పోతాయి, ఫ్లోరైడ్ చిక్కబడి. ఆ నీళ్లను ఇంకుడు గుంతలోకి వదిలితే బోరు నుంచి తీసిన ఫ్లోరైడే మళ్లీ భూమిలోకి చేరుతుంది. విడిగా ఒక ట్యాంకులో పట్టి మరుగుదొడ్ల ఫ్లషింగుకు, నేల కడగడానికి వాడుకుంటే అంతమేర బోరు నీళ్లు మిగులుతాయి. ఇంకుడు గుంతలోకి పంపాల్సింది డాబా మీద పడ్డ వాన నీళ్లను.

రెండోది ఎంగిలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు హోటళ్లు తడి, పొడి చెత్తను వేరు చేయాలని, వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలని చెప్పాయి. సుమారు లెక్క ఇది: రోజుకు 100 కిలోల వంటింటి వ్యర్థంతో 10 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. అది నాలుగున్నర కిలోల ఎల్‌పీజీకి సాటి. అంటే దాదాపు నాలుగు రోజులకో 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మిగిలినట్టే. తడి చెత్తలో ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేట్లు కలిస్తే పని చెడుతుంది. మోదుగాకు ఇస్తరాకులైతే ఎరువు గుంతలో కుళ్లి కలిసిపోతాయి.

మూడోది మరిగిన నూనె. పదేపదే మరిగించిన నూనెలో పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. అలాంటి నూనెను సింకులో పోస్తే మోరీ మూసుకుపోతుంది. డబ్బాలో పట్టి ఉంచితే బయోడీజిల్ తయారీకి కొనేవాళ్లున్నారు.

యాదగిరిగుట్ట ఆలయానికి 2022లో ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ హరిత ఆలయంగా గుర్తింపునిచ్చింది. గుట్ట కింది హోటళ్లు అంత దూరం ఆలోచించనక్కర్లేదు. బోరుకు ఒక మీటరు, ఆర్‌వో రెండో పైపు కింద ఒక ట్యాంకు, వంటింట్లో తడి, పొడి చెత్తకు రెండు వేర్వేరు డబ్బాలు: మొదలుపెట్టడానికి ఇవి చాలు.