తాతగారి చేతక్‌కి ఏ ప్లగ్ కొనాలి? ఒక్క అక్షరం తేడా ఖరీదెంతో చూడండి

ఈ ఎపిసోడ్ మూలన పడి ఉన్న పాత బజాజ్ చేతక్‌ని మళ్లీ నడపాలనుకునేవాళ్ల కోసం. 1972లో మొదలైన బండి ఇది. తొలి ఏళ్లలో కొన్నవాటికి 50 దాటాయి. పెద్దగా మార్పులు చేయకుండా ఉంచితే, 2021లో వచ్చిన రూల్ ప్రకారం వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించుకోవచ్చు కూడా.

బండిని పక్కకి వంచి, కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టాక అందరం అనే మాట ఒకటే: "ప్లగ్ మార్చేద్దాం." ఫోన్లో వెతికితే బోలెడు రకాలొస్తాయి. చాలావాటికి త్రెడ్ సైజు ఒకటే, 14 మిల్లీమీటర్లు. చేత్తో తిప్పితే ఎక్కేస్తాయి. అసలు చిక్కు అక్కడే.

త్రెడ్ ఉన్న భాగం పొడవుని రీచ్ అంటారు. చేతక్ హెడ్‌కి 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం రీచ్ కావాలి. మార్కెట్లో బాగా దొరికే ఇంకో రకం 19 మిల్లీమీటర్లు. ఆ పొడుగుది పెడితే కొస 6 మిల్లీమీటర్లకి పైగా లోపలికి దిగుతుంది. పిస్టన్ పైకొచ్చి గుద్దుకోవచ్చు. గుద్దుకోలేదే అనుకోండి, లోపలికి వెళ్లిన త్రెడ్ మీద కార్బన్ గట్టిపడుతుంది. విప్పేరోజు హెడ్‌లోని త్రెడ్‌ని కూడా పీక్కుని వస్తుంది. ప్లగ్ ఉక్కు, హెడ్ అల్యూమినియం, ఎవరు ఓడతారో మీకే తెలుసు. ఇక లేత్ షాపుకి తీసుకెళ్లి బుష్ వేయించడమే.

అందుకే కొనేముందు ప్లగ్ మీద కోడ్ చదవండి. ఎన్‌జీకే బీ6హెచ్‌ఎస్ తీసుకుందాం. బీ అంటే 14 మిల్లీమీటర్ల త్రెడ్. హెచ్ అంటే 12.7 రీచ్. అదే బీ6ఈఎస్ అయితే, ఈ అంటే 19. చూశారా, ఒక్క అక్షరం! మధ్యలో ఆర్ కనిపిస్తే లోపల రెసిస్టర్ ఉందని, అది రేడియోలో గరగర తగ్గించడానికి.

ఇక 6 అనే నంబర్. ఇది హీట్ రేంజ్. హాట్ ప్లగ్ అంటే నిప్పు పెద్దగా వేస్తుందని కొందరు మెకానిక్‌లు కూడా చెప్తారు, నమ్మకండి. ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా హెడ్‌కి వదిలేస్తుందో ఆ నంబర్ చెప్తుంది, అంతే. ప్లగ్ కొస సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. చేతక్ టూ-స్ట్రోక్, పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి మరీ చల్లటి ప్లగ్ పెడితే తడిసి నల్లబడిపోతుంది. మరీ వేడిదైతే కొస ఎర్రగా కాగి, స్పార్క్ రాకముందే పెట్రోల్‌ని అంటించేస్తుంది. పిస్టన్‌కి చిల్లు పడేది అలానే.

ఇక్కడో తిరకాసు. ఎన్‌జీకేలో నంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన. బాష్‌లో పెరిగేకొద్దీ వేడి. ఎన్‌జీకే 8 బదులు బాష్ 8 అడిగారో, పూర్తిగా అవతలి ఒడ్డుకి వెళ్లిపోయినట్టే. మాన్యువల్లో రాసిన కోడ్ తీసుకోండి, లేదా కంపెనీవాళ్లు ఇచ్చే పోలిక పట్టిక చూడండి.

బిగించేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. కుడివైపు డిక్కీ తీసి, పాత ప్లగ్ చుట్టూ దుమ్ము ఊది శుభ్రం చేయండి, లేకపోతే అదంతా సిలిండర్‌లోకే పోతుంది. కొత్తదాని గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ లేదా? హాక్సా బ్లేడ్ మందం దాదాపు అంతే, పాతతరం మెకానిక్‌ల లెక్క అదే. వంచేది పక్కనున్న కొక్కేన్నే, మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోవద్దు.

తర్వాత పానా పక్కన పెట్టి, చేత్తోనే చివరిదాకా తిప్పండి. మధ్యలో గట్టిగా అనిపిస్తే త్రెడ్ వంకరగా ఎక్కుతోందన్నమాట, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. వాషర్ ఆనాక పానాతో అర చుట్టు చాలు. వాడిన ప్లగ్‌నే తిరిగి పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు సరిపోతుంది.

కొన్ని రోజులు నడిపాక ఓసారి విప్పి చూడండి. బిస్కెట్ రంగులో ఉంటే అదే సరైన ప్లగ్. తెల్లగా పొక్కులొస్తే బండి నడపడం ఆపండి, గాలి ఎక్కడో లీకవుతోందేమో చూడాలి. నల్లగా జిడ్డుగా ఉంటే మాత్రం వెంటనే వేడి ప్లగ్ కొనేయకండి, ముందు ఆయిల్ ఎంత కలుపుతున్నారో కొలవండి, కార్బ్యురేటర్ చూడండి.