పుచ్చుపురుగునకు సులభముగా లొంగని గింజలు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల రైతులు కందులు, శనగలు, పెసలు పండింతురు. చేనినుండి మంచి గింజ వచ్చినను, గుమ్మిలో కొన్ని మాసములున్న పిదప పుచ్చిపోవుట అందఱును ఎఱిగినదే. పుచ్చిన గింజ విత్తుటకును అమ్ముటకును పనికిరాదు.

ఈ పురుగు చేనిలో ఎండుచున్న కాయలపైననే గ్రుడ్లుపెట్టి, గింజతోకూడ ఇంటికి చేరును. గుమ్మిలో గింజపై తెల్లని చుక్కవలె గ్రుడ్డును అంటించును. పిల్లపురుగు పొట్టును తొలిచి లోని పప్పును తినును; పెద్దదైన పిమ్మట గుండ్రని రంధ్రము చేసికొని బయటపడును. వేడి దినములలో ఇదియంతయు ఇంచుమించు ఒక మాసములో ముగియును.

అన్ని గింజలును సమానముగా పుచ్చవు. దీనికి కారణములు రెండు. మొదటిది పొట్టు. గరుకైన దళసరి పొట్టుగల దేశవాళీ శనగలపై పురుగు గ్రుడ్లు తక్కువగా పెట్టును. నునుపైన పలుచని పొట్టుగల కాబూలీ శనగలు త్వరగా పుచ్చును. రెండవది గింజలోని పదార్థము. కొన్ని గింజలను తిన్న పిల్లపురుగు, ఆహారము జీర్ణముకాక, చచ్చుటయో ఆలస్యముగా ఎదుగుటయో జరుగును. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థవారు, అడవి కంది జాతులతో సంకరపఱచిన కొన్ని వంశములలో పుచ్చుపురుగును తట్టుకొను గుణమును కనుగొనిరి.

అయినను గరుకుపొట్టు పురుగును తగ్గించునేగాని పూర్తిగా ఆపదు. కావున కాబూలీ శనగలను ముందుగా అమ్మివేయుడు. విత్తనమును బాగుగా ఎండబెట్టి, కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించి, బిగువైన మూతగల పాత్రలో నుంచుడు. తిండికి ఉంచు కందులను పప్పుగా విఱిచి దాచుట మేలు. పక్షమునకు ఒకసారి పిడికెడు గింజలు తీసి, తెల్లని చుక్కలున్నవేమో చూచుకొనుడు.