మీకు తెలుసా? ముందు నిలిచిన సున్న

సూరతు నగరమున రింగురోడ్డు వస్త్రవిపణికి జాబు వ్రాయువారు 395002 అని పిన్‌కోడు వేయుదురనియు, అందలి మొదటి మూడంకెలు జాబును సూరతు దిక్కునకు నడుపగా కడపటి మూడును ఫలానా తపాలా కార్యాలయమునకు చేర్చుననియు, మగ్గముల పనికై తెలంగాణమునుండి అచటికి వలసపోయిన మన పద్మశాలీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఐపీ చిరునామాయు నించుమించిట్టిదే. 192.168.5.20 అనుదానిలో మొదటి 24 బిట్లు, అనగా 192.168.5 అను భాగము, వీధియనుకొన్నచో మిగిలిన 8 బిట్లు ఇంటి సంఖ్య. ఆ వీధికే సబ్‌నెట్టని పేరు, అందు 256 చిరునామాలు. అయితే పిన్‌కోడు వలె ఇచట ఎల్ల స్థిరము కాదు; 1993లో వచ్చిన సీఐడీఆర్ పద్ధతి దానిని ఏ బిట్టు వద్దనైనను గీయనిచ్చినది.

ఈ లెక్కలు చూచుటకు పైథాన్ భాషలో 2012 నుండి ‘ఐపీఅడ్రస్’ అను చిన్న లైబ్రరీ కలదు. లైబ్రరీ యనగానే బీరువాలు తలచుకొనకుడు, అది ఒకేయొక ఫైలు! అక్షరములుగా పోల్చినచో 10.0.0.9 అనునది 10.0.0.10 తరువాత నిలుచును. ఈ లైబ్రరీ చిరునామాను 32 బిట్ల సంఖ్యగా మార్చి పోల్చుటచే ఆ పొరపాటు కలుగదు.

ఇంతటిదియు ఒక సున్నకు లోబడినది. 010.8.8.8 అని వ్రాసినచో పైథాన్ 3.8వ కూర్పు ముందరి సున్నను విడిచి 10.8.8.8 అను ప్రైవేటు చిరునామాగా గ్రహించెడిది. కొన్ని పాత ప్రోగ్రాములో, 010ని అష్టాంశ సంఖ్యగా, అనగా 8గా చదివి, 8.8.8.8 అను బహిరంగ చిరునామాకు పోయెడివి. కావలివాడొక గుమ్మమును చూచుచుండ దొంగ వేఱొక గుమ్మమున దూరినట్లు! 2021 మే నెలలో వెలువడిన 3.9.5 కూర్పు మొదలుకొని అట్టి సున్నను దోషముగనే ఎంచి త్రోసిపుచ్చుచున్నది.

మీరును చిరునామాలో అంకెకు ముందు సున్న చేర్పకుడు.